టికెట్ ఎవరి సంచిలో ఉంది?

మేడ్చల్‌లో రైలెక్కి సికింద్రాబాద్ పోవడమే నాకు పెద్ద ప్రయాణం. అలాంటిది పోయిన డిసెంబర్‌లో, ఎముకలు కొరికే చలిలో, యూరప్‌లో రైళ్ళెక్కి తిరిగొచ్చానంటే మా ఆడపడుచు ఇప్పటికీ నమ్మడం లేదు. "ఏం చూశారు వదినా?" అని అడిగిన వాళ్ళందరికీ ఫోటోలు చూపించాను. కానీ ఫోటోల్లో లేని ఒక పూట సంగతి ఉంది. అది ఇన్నాళ్ళూ కడుపులో దాచుకున్నాను. మొన్న అక్కే "రాసుకో చెల్లె, ఇప్పుడు పరవాలేదు" అంది కాబట్టి రాస్తున్నాను.

అక్కంటే సొంత అక్క కాదు. ఇరవై రెండేళ్ళ కింద మేడ్చల్‌లో కుట్టు క్లాసుకి వెళ్ళేటప్పుడు పరిచయం. నేను జాకెట్ చంక కుట్టలేక కళ్ళనీళ్ళు పెట్టుకుంటే నా గుడ్డ లాక్కుని కుట్టిచ్చిన మనిషి. ఆమెది శామీర్‌పేట. చెరువుకి దగ్గర్లో చిన్న డాబా ఇల్లు, వెనక ఒక జామ చెట్టు, రెండు కరివేపాకు చెట్లు. ఆ చెట్ల ఆకు మా ఇంటికి రాని వారం లేదు.

బావగారు ఉన్నన్నాళ్ళు ఆమెకి బయటి పని తెలీదు. బ్యాంకు ఆయనే, బిల్లులు ఆయనే, ఎక్కడికి పోయినా టికెట్లు ఆయన జేబులోనే. రెండేళ్ళ కింద ఆయన ఉన్నట్టుండి పోయారు. కొడుకు జర్మనీలో మ్యూనిక్‌లో ఉద్యోగం, కూతురు బెంగళూరు. ఇక మిగిలింది నేను. గ్యాస్ బుక్ చేయడం, కరెంటు బిల్లు కట్టడం, ఫ్యామిలీ పెన్షన్‌కి ఏటా ఇవ్వాల్సిన లైఫ్ సర్టిఫికెట్ పని, అన్నీ నేనే చూసుకున్నాను. "నువ్వు లేకపోతే నేనేమైపోదునో" అని అక్క అన్నప్పుడల్లా నాకు లోపల ఒక తృప్తి ఉండేది. ఆ తృప్తి గురించి తర్వాత చెప్తాను.

పిల్లలిద్దరూ మాట్లాడుకుని శామీర్‌పేట ఇల్లు అమ్మేయాలనుకున్నారు. రాజీవ్ రహదారి పక్కన స్థలాల రేట్లు ఎలా ఉన్నాయో మీకు తెలుసు. కొనేవాళ్ళు కూడా దొరికారు. అక్క బెంగళూరులో కూతురి ఫ్లాట్‌కి పోవాలి. అక్క అవుననలేదు, కాదనలేదు. ఒకరోజు ఆమె కొడుకు నాకు ఫోన్ చేశాడు. "పిన్నీ, మీరు దగ్గరుండి చూస్తున్నారు కదా, మీరే చెప్పండి. అమ్మ ఒక్కతే ఉండగలదా?" అన్నాడు.

"కష్టమే నాన్నా" అన్నాను నేను.

ఆ మాట అక్కకి చెప్పలేదు.

"ముందు నా దగ్గరికి వచ్చి నెల రోజులుండి పో అమ్మా. తిరిగి వెళ్ళాక సంక్రాంతి దాటినంక అడ్వాన్స్ తీసుకుందాం" అన్నాడు కొడుకు. అక్క ఒక్కతే విమానం ఎక్కనంది. "చెల్లె వస్తే వస్త." అలా నాకు యోగం పట్టింది. మా ఆయన్ని అడగడానికి నాలుగు రోజులు భయపడ్డాను. ఆయనేమో "ఊరగాయ ఉంది, అన్నం వండుకోవడం వచ్చు, పోయిరా" అని పేపర్లో తల పెట్టేశారు. ఈ మాత్రం దానికా నేను ఇన్నేళ్ళు ఎక్కడికీ పోలేదు అనిపించింది!

మీలో వెళ్ళాలనుకునే వాళ్ళుంటే రెండు ముక్కలు. షెంజెన్ వీసా ఒకటి ఉంటే జర్మనీ, ఆస్ట్రియా లాంటి దేశాలన్నీ తిరగొచ్చు. ఏ 180 రోజుల్లో అయినా 90 రోజులకి మించి ఉండకూడదు. ప్రయాణ బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. ఇంకోటి, మన ఆడవాళ్ళకి ముఖ్యమైనది: బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్ళకూడదు. కొడుకు కోసం అక్క కాచిన వెన్న నెయ్యి, నేను చేసిన పాలకోవా రెండూ ఇక్కడే ఆగిపోయాయి. సకినాలు, నువ్వుల ఉండలు, కంది పొడి, పులిహోర పొడి మాత్రం సరిహద్దులు దాటాయి.

కొడుక్కి పగలంతా ఆఫీసు. "మీరిద్దరూ రైళ్ళల్లో తిరిగి రండి, ఇక్కడ రైలంటే మన సిటీ బస్సు లెక్క" అన్నాడు. నా ఫోన్‌లో అక్కడి సిమ్ వేయించాడు. బ్యాంకు మెసేజ్‌ల కోసం నా ఇండియా నంబర్ కూడా పని చేసేలా ఉంచాడు. అక్క ఫోన్‌కి సిమ్ వేయించలేదు. ఎప్పుడూ నా పక్కనే ఉంటుంది కదా, ఇంట్లో వైఫై చాలు అనుకున్నాం. అక్క మెడలో మాత్రం ఒక చిన్న ప్లాస్టిక్ కవర్ వేలాడదీశాడు. అందులో వాళ్ళ ఇంటి అడ్రస్, వాడి ఫోన్ నంబర్, 'నాకు జర్మన్ రాదు' అని జర్మన్‌లో రాసిన చీటీ, ఒక యాభై యూరోల నోటు. స్కూల్ పిల్లకి కట్టినట్టు కట్టాడు. అక్క ఏమీ అనలేదు. స్వెటర్ లోపలికి తోసుకుంది.

మొదట న్యూరెంబర్గ్ వెళ్ళాం. స్పీడు రైల్లో గంట దాటి కొద్దిసేపు. జర్మనీలో మొట్టమొదటి రైలు 1835 డిసెంబర్ 7న ఆ ఊరి నుంచే పక్కనున్న ఫ్యూర్ట్ అనే ఊరికి నడిచిందట. క్రిస్మస్ ముందు అక్కడ పెట్టే సంత చాలా పేరున్నది. డిసెంబర్ 24 దాకా ఉంటుంది. ఎర్ర తెల్ల చారల గుడ్డ కప్పిన చెక్క దుకాణాలు, వాటిలో దీపాలు, గాజు బొమ్మలు, ఎండు ప్లమ్ పండ్లతో చేసిన మనుషుల బొమ్మలు. నాకు మన జాతరలే గుర్తొచ్చాయి. చలికి అందరూ వేడి వేడి ద్రాక్ష సారా తాగుతుంటే మేము పిల్లల కోసం చేసే పండ్ల రసం తీసుకున్నాం. కప్పుకి ముందే కొంత డబ్బు కట్టించుకుంటారు, కప్పు తిరిగిస్తే డబ్బు తిరిగిస్తారు. అక్క కప్పు తిరిగివ్వనంది. ఇప్పుడు అది శామీర్‌పేటలో పూజగదిలో అగరుబత్తులు పెట్టుకోవడానికి ఉంది.

తర్వాత సాల్జ్‌బర్గ్, అక్కణ్ణించి వియన్నా. సాల్జ్‌బర్గ్ అంటే మ్యూనిక్ నుంచి రెండు గంటల లోపే, కానీ అది వేరే దేశం. తిరిగొచ్చేటప్పుడు సరిహద్దు దగ్గర పోలీసులు రైల్లోకి వచ్చి పాస్‌పోర్టులు చూశారు. రెండు పాస్‌పోర్టులూ నా సంచిలోంచే తీసిచ్చాను. టికెట్లూ నా సంచిలోనే. ఫోన్ నా చేతిలో, ఏ ప్లాట్‌ఫారమో చూసేది నేను, ఎక్కడ దిగాలో చెప్పేది నేను. అక్క నా వెనక నడిచేది. వియన్నా స్టేషన్‌లో ఒకసారి బోర్డు వైపు చూస్తూ "చెల్లె, మనది ఎనిమిదో నంబరా?" అంది. "నువ్వు ఆగక్కా, నేను చూస్తున్నా కదా" అన్నాను. ఆమె అన్నది కరెక్టే, ఎనిమిదే. నేను చూసి చెప్పేదాకా అది కరెక్ట్ కాదన్నట్టు చేశాను.

ఇక ఆ పూట సంగతి.

మ్యూనిక్‌కి దక్షిణాన కొండల్లో టేగర్న్‌జే అని ఒక పెద్ద చెరువుంది. జే అంటేనే చెరువు. చెరువు పక్కన పుట్టి పెరిగిన అక్కకి అది చూపించాలని నా కోరిక. ఆ రాష్ట్రంలో బవేరియా టికెట్ అని ఒకటుంటుంది. ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా రోజంతా ప్యాసింజర్ రైళ్ళల్లో తిరగొచ్చు. పనిరోజుల్లో పొద్దున తొమ్మిదింటి తర్వాతే చెల్లుతుంది, మీద పేర్లు రాయాలి. ఇద్దరి పేర్లూ రాసి టికెట్ నా సంచిలో పెట్టుకున్నాను.

స్టేషన్‌లో ఆలస్యమైంది. పరుగెత్తాం. అక్కకి మోకాలి నొప్పి. "నువ్వు ఈ డోర్లోనే ఎక్కు అక్కా, నేను ముందుకెళ్ళి సీట్లు చూస్తా" అని ముందు పెట్టెల వైపు ఉరికాను. ఎక్కాక లోపలి నుంచి వెనక్కి నడుద్దామంటే దారి లేదు. మా పెట్టెల వరస ఒకచోట ఆగిపోయింది, అవతల వేరే వరస తగిలించి ఉంది. సరే, దిగేటప్పుడు కలుద్దాం, ఒకే రైలే కదా అనుకున్నాను.

ఒకే రైలు కాదు. అది హోల్జ్‌కిర్షెన్ అనే స్టేషన్‌లో విడిపోతుంది. ఒక ముక్క బైరిష్‌ట్సెల్ వైపు పోతుంది. మిగిలింది ఇంకొంచెం ముందుకెళ్ళి మళ్ళీ రెండుగా విడిపోతుంది. ఏ ముక్క ఎక్కడికో ప్లాట్‌ఫారం బోర్డు మీదా, పెట్టెల మీదా రాసే ఉంది. మైకులో చెప్పారు కూడా. నేనే చూసుకోలేదు, వినలేదు. హోల్జ్‌కిర్షెన్‌లో రైలు కాసేపు ఆగింది, చిన్న కుదుపు వచ్చింది, మళ్ళీ కదిలింది. నేను కిటికీలోంచి మంచు పట్టిన చెట్లను వీడియో తీసుకుంటున్నాను. చెరువు కనిపించగానే "అక్కా, చూశావా" అని వీడియోలో నా గొంతు కూడా ఉంది. అప్పటికి అక్క వేరే దారిలో వేరే కొండల్లోకి వెళ్ళిపోయింది.

టేగర్న్‌జేలో దిగి వెనక్కి చూస్తే వెనక పెట్టెలే లేవు.

కాళ్ళల్లో బలం పోవడం అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. జనం దిగి వెళ్ళిపోయారు. ప్లాట్‌ఫారం మీద నేనూ, మంచూ. అరవై రెండేళ్ళ మనిషి, భాష రాదు, ఫోన్ లేదు, టికెట్ లేదు. చెకింగ్ వస్తే ఏమంటుంది? చలికి ఎక్కడ కూర్చుంటుంది? "అమ్మని నేను చూసుకుంటా" అని పొద్దున్నే వాళ్ళబ్బాయికి చెప్పి వచ్చాను. ఎవరినైనా అడుగుదామంటే నోట్లోంచి ఇంగ్లీషు ముక్క రావడం లేదు. చివరికి వాళ్ళబ్బాయి నంబర్ తీశాను. తీసి చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు. ఇక నొక్కుదామనుకునే లోపల ఫోన్ మోగింది. అక్కడి నంబరే, కానీ కాల్ వచ్చింది నా ఇండియా నంబర్‌కి.

"చెల్లె, నేనే. భయపడకు. నేను మంచిగున్న."

నేను ఏడ్చేశాను. అక్క ఏడవలేదు.

ఆమె ఉన్న ముక్క ష్లీర్‌జే అనే ఊరికి చేరింది. అక్కడా ఒక చెరువుంది. కిటికీలోంచి నీళ్ళు కనిపించగానే ఇదే మన ఊరనుకుని దిగింది. నేను దిగలేదు. రైలు వెళ్ళిపోయింది. కాసేపు బెంచీ మీద కూర్చుందట. తర్వాత ఒక ముసలావిడ, ఎనభై దాకా ఉంటాయట, చేతికర్రతో ఒక్కతే సంచీ పట్టుకుని వస్తుంటే లేచి ఎదురెళ్ళింది. మెడలోని కవర్ తీసి 'నాకు జర్మన్ రాదు' చీటీ చూపించింది. తర్వాత "టేగర్న్‌జే, టేగర్న్‌జే" అంది. ఆవిడ చెరువు వైపు చూపించి "ష్లీర్‌జే" అని నవ్విందట. అప్పుడు అర్థమైంది అక్కకి. ఆవిడ చీటీ మీద ఉన్న కొడుకు నంబర్ చూపించి, ఫోన్ చేయనా అని సైగ చేసింది. అక్క వద్దని తల ఊపింది. ఆవిడ చేతిలో పెన్ను తీసుకుని చీటీ వెనక నా నంబర్ రాసింది. ఇండియా కోడ్‌తో సహా.

నా నంబర్ ఆమెకి నోటికి వచ్చు. ల్యాండ్ ఫోన్ రోజుల నుంచి నంబర్లన్నీ నోటికి పెట్టుకునే అలవాటు. ఆమె నంబర్ చెప్పమంటే నేను చెప్పలేను, ఫోన్‌లో వెతకాలి.

"నువ్వు హోల్జ్‌కిర్షెన్ రా" అంది అక్క. ఆ పేరు నాకన్నా బాగా పలికింది. "ఈ అమ్మ చెప్తున్నది, రెండు బండ్లూ ఆడికే వస్తయట. నేను టికెట్ కొనుక్కుని వస్త. మావోనికి మాత్రం చెప్పకు."

గంట తర్వాత హోల్జ్‌కిర్షెన్ ప్లాట్‌ఫారం మీద నేను ముందే దిగి నిలబడ్డాను. అక్క రైలు వచ్చింది. బటన్ నొక్కితే తప్ప తలుపు తెరుచుకోని రైళ్ళవి. ఇన్ని రోజులూ ఆ బటన్ నేనే నొక్కాను. ఆమె నొక్కి దిగింది. చేతిలో కాగితం సంచి, అందులో రెండు ఉప్పు చల్లిన పెద్ద చక్రాల రొట్టెలు. "ఆకలైతదని కొన్న. చిల్లర కరెక్ట్ ఇచ్చిన్రు, లెక్కపెట్టుకున్న" అంది. నేను గట్టిగా పట్టుకున్నాను. "ఊకో, అందరూ చూస్తున్నరు" అంది.

బెంచీ మీద కూర్చుని రొట్టె తింటూ అడిగాను. "మీ అబ్బాయికి ఎందుకు చేయొద్దన్నావక్కా? వాడు ఆఫీసు వదిలి వచ్చేసేవాడు కదా."

"అందుకే వద్దన్న" అంది. "వానికి ఫోన్ పోయింటే నా ఇల్లు గీ దినమే పోయేది."

నాకు మాట రాలేదు. కాసేపాగి ఆమే అంది. "నువ్వు కూడా కష్టమన్నవట గద చెల్లె. వాడు చెప్పిండు."

ఆమెకి తెలుసు. తెలిసే నాతో వచ్చింది. నెలన్నర పాటు ఏమీ అనకుండా నా వెనక నడిచింది. నేను "నిజంగా అలాగే అనుకున్నానక్కా" అన్నాను. అంతకన్నా ఏం చెప్పాలో తెలీలేదు. "అనుకుంటవ్. ఎందుకనుకోవు? ఏదీ నన్ను చెయ్యనియ్యవైతివి. బావ చెయ్యనియ్యకపాయె, నువ్వు చెయ్యనియ్యకపోతివి" అంది. కోపంగా అనలేదు. జాకెట్ కుట్టు తప్పు చూపించినప్పుడు ఎలా చెప్పిందో అలాగే చెప్పింది.

ఇందాక తృప్తి అన్నాను కదా, అది ఇదే. ఆమెకి నా అవసరం ఉండడం నాకు బాగుండేది. మా పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు, ఇంట్లో నన్ను ఏదీ అడిగేవాళ్ళు లేరు. అక్క అడిగేది. గ్యాస్ ఎలా బుక్ చేయాలో నేర్పితే పది నిమిషాల పని. రెండేళ్ళలో ఆ పది నిమిషాలు నేను పెట్టలేదు. సాయం అనుకుని చేసిందే ఆమె చేతులు కట్టేసింది. చివరికి ఆ కట్టేసిన చేతులు చూపించి, ఈమె ఒక్కతే ఉండలేదు అని సాక్ష్యం చెప్పింది కూడా నేనే.

"టేగర్న్‌జే పోదామా మరి?" అన్నాను.

"నా చెరువుకే పోదాం. నాకు దారి తెలుసు" అంది అక్క.

ఈసారి టికెట్ ఆమె చేతిలో పెట్టాను. బోర్డు ముందు నిలబడి అక్షరాలు కూడబలుక్కుంది. ఏ పెట్టెలు ఎటు పోతాయో చూసింది. అనుమానం తీరక ఒక కాలేజీ పిల్లని ఆపి వేలితో చూపించి అడిగింది. నేను వెనక నిలబడ్డాను. నోరు మూసుకుని నిలబడడం ఎంత కష్టమో!

ష్లీర్‌జే స్టేషన్ నుంచి చెరువు నాలుగడుగులే. టేగర్న్‌జే కన్నా చాలా చిన్నది. ఒడ్డున సన్నటి మంచు పెంకు కట్టింది, నడిమధ్యన నీళ్ళు నల్లగా ఉన్నాయి, బాతులు తిరుగుతున్నాయి. చుట్టూ కొండలు. అక్క బావగారి సంగతులు చెప్పింది. పెళ్ళైన కొత్తలో పెద్ద వానలు పడి శామీర్‌పేట చెరువు అలుగు దుంకితే ఆయన సైకిల్ మీద కూర్చోబెట్టుకుని చూపించాడట. రెండేళ్ళలో ఆయన పేరెత్తితే కళ్ళనీళ్ళు పెట్టుకోకుండా మాట్లాడడం అదే మొదటిసారి. డిసెంబర్‌లో అక్కడ నాలుగున్నర కాకముందే పొద్దు గుంకుతుంది. చీకటి పడ్డాకే లేచాం.

వెళ్ళొచ్చే ముందు రాత్రి అక్క కొడుకుతో చెప్పింది. "ఇల్లు ఇప్పుడు అమ్మను. రెండేండ్లు చూస్త. చాతకాకపోతే నేనే చెప్త." వాడు నా వైపు చూశాడు. "ఉండగలదు నాన్నా. నేను అప్పుడు తప్పు చెప్పాను" అన్నాను. వాడికి పూర్తిగా నచ్చలేదు. బెంగళూరు అమ్మాయికి అసలు నచ్చలేదు. రోజూ రెండుసార్లు ఫోన్ చేస్తోంది. రైలు సంగతి మాత్రం అక్క మొన్ననే ఇద్దరికీ చెప్పింది, నవ్వుతూ.

అంతా బాగైపోయిందని చెప్పను. మోకాలి నొప్పి అలాగే ఉంది. రాత్రిళ్ళు ఆ ఇంట్లో ఒక్కతే అంటే నాకు ఇప్పటికీ గుబులే. మొదటిసారి కరెంటు బిల్లు ఫోన్‌లో కడుతూ ఒకటికి రెండుసార్లు కట్టేసింది. వచ్చే నెలకి సరిపోతుందిలే అన్నాను, మళ్ళీ ఫోన్ నా చేతిలోకి తీసుకోలేదు.

మా మేడ్చల్‌కి 2023 ఏప్రిల్ నుంచి ఎంఎంటీఎస్ వచ్చింది. మొన్న ఆదివారం సికింద్రాబాద్ పోదామనుకున్నాం. అక్క శామీర్‌పేట నుంచి బస్సులో ఒక్కతే వచ్చింది. నేను స్టేషన్ చేరేసరికి కౌంటర్ దగ్గర క్యూలో ఉంది. నన్ను చూసి దూరం నుంచే రెండు వేళ్ళు చూపించింది, నీకు కూడా తీసుకుంటున్నా అని.

టికెట్లు రెండూ తన సంచిలోనే పెట్టుకుంది. నేను అడగలేదు.